మా జువాలజీ సార్ నాలుగో అటెంప్ట్

అద్దంకిలో బస్సు దిగేసరికి ఎదురుగా ఫ్లెక్సీ కనిపించింది. కోటు వేసుకున్న మా జువాలజీ సార్ ఫోటో, చుట్టూ బంతిపూల బోర్డరు, పై మూలల్లో రెండు పావురాలు. పేరుకు ముందు 'డాక్టర్' అని, పేరుకన్నా పెద్ద అక్షరాలతో వేశారు. కింద ఆయన దగ్గర చదువుకుని డాక్టర్లయినవాళ్ళ ఫోటోలు వరసగా ఉన్నాయి. రెండో వరసలో నాదీ ఉంది. నన్నెవరూ అడగలేదు, వాట్సాప్‌లో పెట్టుకున్న బొమ్మ తీసుకుని వేసేశారు.

ఆ 'డాక్టర్' అన్న మాట తప్పు. ఆయన నలభై ఏడో ఏట మెడికల్ కాలేజీలో చేరిన మాట నిజం. ఫస్టియర్ అనాటమీ దాటలేకపోయారన్నదీ అంతే నిజం. ఆఖరి మార్కుల షీటు మీద సంతకం నాది.

ఆయన పోయారన్న వార్త మా బ్యాచ్ గ్రూపులో వచ్చినప్పుడు, "సార్ ఎంబీబీఎస్ ఎంతవరకు వచ్చింది?" అని ఎవరో అడిగారు. ఎవరికీ సరిగ్గా తెలియదు. "ఏ ఇయరైతే ఏంటిరా, డాక్టర్ అని వేసేద్దాం. ఆయన ఆశపడ్డది అదేగా" అని ఇంకొకడు తీర్పు చెప్పేశాడు. నలభై మంది దండం పెట్టే బొమ్మలు పంపారు. నేను ఒక వాక్యం టైపు చేసి, చెరిపేసి, ఫోను పక్కన పెట్టాను.

ఇంటి ముందు షామియానా కింద ఆదరణ కూడిక జరుగుతోంది. పాస్టరు గారు ప్రార్థన ముగించాక సార్ భార్య నన్ను చూసి దగ్గరికి వచ్చారు. ఆవిడ హైస్కూల్లో తెలుగు టీచరు, తప్పు కనిపిస్తే ఊరుకోలేని మనిషి.

"ఆ మాట తీసెయ్యమన్నానమ్మా. మీ బ్యాచ్ పిల్లలు విన్లేదు" అన్నారు నా చెయ్యి పట్టుకుని. "ఆయనే ఉంటే ఆ ఫ్లెక్సీ ముందు నిలబడి మైనస్ వన్ అనేవారు."

కూడికలో నవ్వకూడదు కాబట్టి తల దించుకున్నాను. మైనస్ వన్ అనేది ఆయన ఊతపదం. మెడికల్ ఎంట్రన్సులో తప్పు జవాబుకు ఒక మార్కు కోస్తారు. ఆయన ఆ కోత పరీక్షకే పరిమితం చెయ్యలేదు. క్లాసుకు ఆలస్యంగా వచ్చినవాడికి మైనస్ వన్. బస్సు మిస్సయిందని సాకు చెబితే ఇంకో మైనస్ వన్. క్యాంటీన్లో టీ చల్లగా ఇస్తే టీ మాస్టరుకు మైనస్ వన్. చివరికి ఆయన కొత్త బూట్లు కొనుక్కుని అవి కరిస్తే వంగి ఆ బూట్లకే చెప్పడం నేను చూశాను.

నేను గుంటూరులో లాంగ్‌టర్మ్ కోచింగు తీసుకున్న రోజులవి. కిటికీల్లేని నాలుగంతస్తుల బిల్డింగు, గదికి వంద మంది. ఆయన రోజుకు ఆరు క్లాసులు చెప్పేవారు. బక్కపల్చటి మనిషి, గొంతు మాత్రం మైకు అక్కర్లేనిది. మిరపకాయలు యార్డుకు దిగే కాలంలో గాలి ఇటు తిరిగితే క్లాసు క్లాసంతా తుమ్మేది. ఆయన ఒక్కసారి కూడా తుమ్మేవారు కాదు. "మా అమ్మ కాయలకు తొడాలు తీసే పనికి పొయ్యేదిరా. ఆ రాశి పక్కన గోనెపట్టా మీద పడుకుని పెరిగినోణ్ణి. నాకేం ఘాటు?" అనేవారు. వాళ్ళ నాన్న అద్దంకి దగ్గర ఒక చిన్న చర్చిలో ఉపదేశి. కొడుకును డాక్టరు చెయ్యాలని వాళ్ళకు ఉండేది. ఆయన మూడుసార్లు ఎంట్రన్సు రాసి, మూడుసార్లూ కొద్దిలో సీటు పోగొట్టుకుని, జువాలజీ లెక్చరరయ్యారు. ఈ సంగతి ఆయన ఎప్పుడూ దాచలేదు, ప్రతి బ్యాచ్‌కూ మొదటి రోజే చెప్పేవారు. సానుభూతి కోసం కాదు. తను చేసిన తప్పులు బోర్డు మీద నంబర్లు వేసి రాయించి, వీటిలో ఒక్కటి కూడా మీరు చెయ్యకూడదు అనేవారు.

ఆయన అసలు విద్య కొట్టెయ్యడం. ప్రశ్న చదివి, ఎడమచేతి నాలుగు వేళ్ళు పైకెత్తేవారు. ఒక్కో వేలు ఒక్కో ఆప్షను. "ఇది అవ్వదు, కొట్టెయ్. ఇది అసలే అవ్వదు, కొట్టెయ్" అంటూ ఒక్కో వేలే ముడిచేవారు. ఆఖరికి మిగిలిన వేలు జవాబు. అది క్లాసు దాటి ఆయన ఒంటికి పట్టేసింది. హోటల్లో ఏం తింటారని అడిగితే వేళ్ళు లేచేవి. రోడ్డు మీద మమ్మల్ని చూసి పేరు గుర్తు రాకపోతే, "శ్రీలేఖవి కాదు, స్రవంతివి కాదు" అంటూ మొదలుపెట్టేవారు. ఆయన చేతి కింద ఇరవై రెండేళ్ళలో ఎంతమంది సీటు కొట్టారో ఆయనకే లెక్కలేదు. రిజల్టు వచ్చిన రోజు స్టాఫ్‌రూములో ఆయన బల్ల మీద స్వీటు పెట్టెలు పేరుకునేవి. ఒక్కటీ తెరిచేవారు కాదు, షుగరు.

తరవాత ఎంట్రన్సుకు వయసు పరిమితి ఎత్తేశారు. పేపర్లో ఆ వార్త చదివి చాలామంది నవ్వుకుని ఉంటారు. ఆయన అప్లికేషను పెట్టారు.

ఆ పరీక్ష రోజు సంగతి నాకు తరవాత ఒక అమ్మాయి చెప్పింది. సెంటరు గేటు దగ్గర ఆయన శిష్యులు పాతికమంది లైన్లో నిలబడి ఉన్నారట. ఆయన చెప్పులేసుకుని, పొట్టిచేతుల చొక్కాతో వచ్చారు. "సార్, ఆల్ ది బెస్ట్ చెప్పడానికి వచ్చారా?" అని అందరూ మూగారు. ఆయన జేబులోంచి హాల్‌టికెట్టు తీసి చూపించి, వెళ్ళి లైను చివర నిలబడ్డారట. పిల్లలు ఆయన్ని ముందుకు పంపించబోతే, "మైనస్ వన్, లైన్లో ఉండండి" అన్నారట. ఆ ఏడు ఆయనకు సీటు వచ్చింది. నేను పనిచేసే కాలేజీలోనే వచ్చింది.

ఆయన డిసెక్షన్ హాల్లోకి మొదటిసారి అడుగుపెట్టిన రోజు నేను అక్కడ అసిస్టెంట్ ప్రొఫెసర్ని. లిస్టులో పేరు చూసి, అదే పేరుగల ఇంకెవరో అనుకున్నాను. నేను లోపలికి రాగానే నూట యాభై మంది లేచారు. మూడో టేబులు దగ్గర తెల్లకోటులో, తెల్ల జుట్టుతో ఆయనా లేచి నిలబడ్డారు. నేను గుడ్‌మార్నింగ్ చెప్పడం మరిచిపోయాను. క్లాసయ్యాక ఆయన దగ్గరికి వెళ్ళి, "సార్, మీరు నన్ను మేడమ్ అనొద్దు, ప్లీజ్" అన్నాను.

"మరేమనాలి మేడమ్?" అన్నారు. "మీరు టీచరు, నేను స్టూడెంటు. ఇందులో వేరే ఆప్షను లేదు."

హాస్టల్లో ఆయన గదిలో ఇద్దరు పద్దెనిమిదేళ్ళ కుర్రాళ్ళు. మొదట్లో సార్ అన్నారు, నెల తిరిగేసరికి బాబాయ్ అన్నారు. పొద్దున్నే అయిదింటికి బాబాయ్ వాళ్ళ దుప్పట్లు లాగేసేవారు. పరీక్షల ముందు ఆ గది నిండా మనుషులే, మంచం మీద, కింద, వరండాలో. బయోకెమిస్ట్రీలో పోతారనుకున్నవాళ్ళు ఆయన చెబితే పాసయ్యారు. ఆ బ్యాచంతా దాదాపుగా సెకండియర్‌కు వెళ్ళిపోయింది. ఆయనకు మాత్రం అనాటమీ ఆగింది. మొదటిసారి టైము చాలక థియరీ పోయింది. పేజీలకు పేజీలు రాయడం ఆయన చేతికి అలవాటు తప్పింది. రెండోసారి ప్రాక్టికల్స్ ముందు షుగరు పెరిగి ఆస్పత్రి పాలయ్యారు. మూడోసారి థియరీ పాసై ప్రాక్టికల్స్‌లో పోయారు. ఫస్టియర్‌కు నాలుగు ఛాన్సులే. నాలుగోసారీ పోతే ఇక ఇంటికే.

ఈ మధ్యలో ఆయన్ని వార్డులో ఒకసారి చూశాను. ఫస్టియర్ పిల్లలను సర్జరీ వార్డుకు తీసుకెళ్ళాల్సిన వంతు నాది. మార్టూరులో రాయి పాలిష్ చేసే యూనిట్లో పనిచేసే అతనికి పలక మీద పడి చేతివేళ్ళు నలిగాయి. సర్జను గారు చురుకైన కుర్రాడు, ముప్పై రెండేళ్ళుంటాయి. ఆయన కేసు చెబుతుంటే పేషెంటు భార్య ఆయన్ని దాటుకుని, నన్నూ దాటుకుని, వెనక నిలబడ్డ సార్ దగ్గరికి వెళ్ళి చేతులు జోడించింది.

"పెద్ద డాక్టరు గారూ, మా ఆయన వేలు ఉంటదా, తీసేస్తారా? మీరొక్క మాట చెప్పండి సార్."

"నేను స్టూడెంట్‌నమ్మా. పెద్ద డాక్టరు గారు అదుగో, ఆ బాబు."

"ఊరుకోండి సార్, మేం దిగుల్లో ఉంటే పరాచికాలాడతారా! ఆ పిల్లోడు పెద్ద డాక్టరేంది?"

వార్డంతా నవ్వారు, సర్జను గారు కూడా. సార్ నవ్వలేదు. ఆవిడను ఆ కుర్ర సర్జను ముందుకు తీసుకెళ్ళి నిలబెట్టి, ఆమె తరఫున తనే ప్రశ్నలన్నీ అడిగారు. ఏ వేలు ఉంటుంది, ఏది కష్టం, ఎన్నాళ్ళకు పనిలోకి వెళ్ళొచ్చు. సర్జను చెప్పిన ప్రతి ముక్కనీ ఆవిడ భాషలోకి మార్చి చెప్పారు. ఆవిడ ఆయన చెప్పిందే నమ్మింది. ఆ రోజు నాకు అనిపించింది, ఈయన డాక్టరయితే బాగుంటుందని. అనిపించిన మాట ఇప్పుడు రాస్తున్నాను కానీ అప్పుడు ఎవరితోనూ అనలేదు.

నాలుగో ఛాన్సుకు ప్రాక్టికల్స్‌లో ఇంటర్నల్ ఎగ్జామినర్లలో నేనొకదాన్ని. వైవా బల్లకు ఒక పక్క నేనూ, వేరే జిల్లా నుంచి వచ్చిన ఎక్స్‌టర్నల్ గారూ. ఎదురుగా ఒక స్టూలు. ఆయన వచ్చి కూర్చునేముందు ఎక్స్‌టర్నల్ గారు నా వైపు వంగి మెల్లగా అన్నారు, "ఆఖరి ఛాన్సంట కదా మేడమ్, పాపం. థియరీ గట్టెక్కాడు. ఇక్కడ మీరు ఎంతంటే అంత."

నేను ట్రేలోని ఎముకలు సర్దాను. మనసులో మాత్రం, ఆయన కాస్త సర్దుకుపొయ్యేట్టు చెబితే చాలని అనుకున్నాను.

ట్రేలోంచి జబ్బ ఎముక తీసి ఆయన చేతికిచ్చాను. హ్యూమరస్ అన్నారు. దాని మీది గుంటలు, గాడులు, అతుక్కునే కండరాలు, పక్కగా పొయ్యే నరాలు వరసగా చెప్పుకుపోయారు. పుస్తకం తెరిచి పెట్టుకుని చదివినట్టే ఉంది.

"ఏ వైపుది సార్?" అన్నాను.

"ఎడమ, మేడమ్."

"మీ చేతికి ఆనించి చూపించండి."

ఆయన దాన్ని తన కుడి జబ్బకు ఆనించారు.

"ఎడమ అన్నారు, కుడిచేతికి పెట్టారేంటి?"

ఆయన ఎముకను చూశారు, నన్ను చూశారు. ఎడమచేతి వేళ్ళు రెండు లేచాయి. అందులో ఒకటి ముడిచి, "అయితే కుడిది మేడమ్" అన్నారు. అది ఎడమదే. ఎక్స్‌టర్నల్ గారు గొంతు సవరించుకున్నారు. ఈయన బొమ్మా బొరుసా వేస్తున్నాడని ఆయనకు అనిపించింది, నాకూ అనిపించింది. ఆ ముడిచిన వేలు చూశాక ఇంకోలా అనిపించే వీలు లేదు.

సులువైనది అడుగుదామనుకున్నాను. "పోనీ, అపెండిక్స్ ఎక్కడుంటుంది సార్?"

"కుడివైపు, పొట్ట కింది భాగంలో మేడమ్."

"ఎక్కడో మీ ఒంటి మీదే చూపించండి."

ఆయన నోటితో మళ్ళీ కుడివైపు అంటూనే, తెల్లకోటు మీద ఎడమవైపు వేలు పెట్టారు. ఎక్స్‌టర్నల్ గారు ఆపుకోలేక నవ్వేశారు. "సరిగ్గా చూసుకోండి" అన్నాను. ఆయన వేలు కుడివైపుకు వెళ్ళింది, నా మొహం చూసి మళ్ళీ ఎడమవైపుకు వచ్చింది. యాభై ఏళ్ళ మనిషి అలా తన పొట్ట మీద వేలు అటూ ఇటూ జరుపుకుంటూ ఉంటే చూడలేక పెన్ను వైపు చూశాను.

మార్కులు వెయ్యాల్సింది నేను. నాలుగు మార్కులు కలిపితే పాసు. నాలుగు మార్కులంటే పెద్దేం కాదు, ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరికి ఎవరో ఒకరు వేస్తూనే ఉంటారు. కానీ అపెండిక్సు ఏ పక్కనుంటుందో తెలియని మనిషిని నేను వార్డులోకి పంపించలేను. నాకు పాఠం చెప్పిన మనిషి అయినా సరే. వచ్చిన మార్కులే వేశాను. ఎక్స్‌టర్నల్ గారు నా వంక ఒకసారి చూసి సంతకం పెట్టారు. సాయంత్రానికి మార్కులు యూనివర్సిటీకి వెళ్ళిపోయాయి. అవి ఒకసారి వెళ్ళాక మార్చడానికి లేదు, ఆ సంగతి ఆయనకూ తెలుసు.

మర్నాడు పదకొండింటికి ఆయన నా గదికి వచ్చారు. తెల్లకోటు లేదు, ఇస్త్రీ చొక్కా. బతిమాలడానికి వచ్చారనుకుని, ఏం చెప్పాలో కూడా సిద్ధం చేసుకున్నాను.

"మేడమ్, నిన్నటి ఎముక ఒకసారి చూడొచ్చా?" అన్నారు.

అటెండరు చేత ఎముకల పెట్టె తెప్పించాను. ఆయన నాకు ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చోలేదు. ఆ కుర్చీ ఎత్తుకుని బల్ల చుట్టూ తిరిగి వచ్చి, నా పక్కన వేసుకుని కూర్చున్నారు. ఇద్దరం ఒకే గోడ వైపు చూస్తున్నాం. ఎముకను చేతిలోకి తీసుకుని, "ఎడమ" అని, సరిగ్గా తన ఎడమ జబ్బకు ఆనించారు. తరవాత వేలు పొట్ట మీద కుడివైపు పెట్టి, "అపెండిక్స్" అన్నారు. తడుముకోలేదు.

నాకు అర్థం కాలేదు. "మరి నిన్న ఏమైంది సార్?"

"రాత్రంతా అదే ఆలోచించా మేడమ్. క్లాసులో పిల్లలకు గుండె కుడిగది చూపిస్తూ నేను నా కుడివైపు చెయ్యి పెడితే, వాళ్ళు నన్ను చూసి వాళ్ళ ఎడమవైపు పెట్టుకునేవాళ్ళు. పిల్లలు తికమక పడతన్నారని నేనే తిప్పేసుకున్నా. నోటితో కుడి అంటా, చెయ్యి ఎడమవైపు పెడతా. అద్దంలో చూసినట్టు వాళ్ళకు సరిపోద్ది. ఇరవై రెండేళ్ళు అట్లాగే చెప్పా. ఒక్కణ్ణే చదువుకునేటప్పుడు బాగానే వస్తంది. నిన్న ఎదురుగా మీరిద్దరు కూర్చునేసరికి, చెయ్యి క్లాసులో ఉన్నాననుకుంది."

అప్పుడు గుర్తొచ్చింది. ఆయన క్లాసులో కూర్చున్న మేము వంద మందిమీ ఆయన్ను చూస్తూ చెయ్యి పెట్టుకునేవాళ్ళం. మాలో ఎవరికీ ఏనాడూ కుడి ఎడమలు తప్పలేదు. అలా తప్పకుండా ఉండడానికి ఆయన ఏం చేశారో మేము ఎప్పుడూ ఆలోచించలేదు. నేను ఎగ్జామినర్ని, ఆ బల్ల ముందు నేనైనా ఆలోచించాల్సింది. ఆ ముడిచిన వేలు చూసి, ఇక వేరే ఏమీ చూడలేదు.

పెట్టెలో ఉన్న ఎముకలన్నీ ఒక్కొక్కటిగా ఆయన చేతికిచ్చాను. ఎందుకిచ్చానో తెలియదు, ఇక పరీక్షేమీ లేదు. ఆయన ప్రతిదీ ఏ వైపుదో చెప్పి, ఒంటికి ఆనించి చూపించి, బల్ల మీద పెట్టారు. ఒక్కటి కూడా తప్పు పోలేదు. నాకు ఏడుపొచ్చింది. "సార్, నిన్న నాకీ సంగతి తెలిసుంటే" అన్నాను.

ఆయన ఎముకలను పెట్టెలో సర్ది మూత వేశారు. లేచి, కుర్చీ ఎత్తుకెళ్ళి మళ్ళీ బల్లకు ఎదురుగా వేశారు.

"తెలిసినా మార్కులు వెయ్యకూడదు మేడమ్" అన్నారు. "పేషెంటు కూడా ఎదురుగానే కూర్చుంటాడు."